ఆస్తి కాలేజీకి వెళ్ళింది

బ్యాంకు మేనేజరు గారి సముఖమునకు,

ఈ వీధి దర్జీ కూతురు, డిగ్రీ మొదటి సంవత్సరం పాసై రెండో సంవత్సరం గుమ్మంలో నిలబడ్డ విద్యార్థిని, తమ రికార్డుల ప్రకారం మాత్రం ఒక యంత్రము, రాసుకుంటున్న అర్జీ.

విషయం: ఆస్తి కాలేజీకి వెళ్ళినందున రెండవ సంవత్సరపు ఫీజు విడత నిలిపివేయబడుట – సదరు విడత నేటి సాయంత్రము లోపల విడుదల చేయుట, లేనియెడల సదరు ఆస్తిని తక్షణము స్వాధీనపరచుకొనుట – గురించి.

అయ్యా,

తమ సమయం విలువైనదని తమ గది తలుపు మీద రాసి ఉంది. కనుక ముందు అసలు సంగతి చెప్పి, తరువాత వివరాల్లోకి వెళతాను. రేపటిలోగా ఫీజు కట్టకపోతే కాలేజీ హాజరు పట్టీలో నా పేరు కొట్టేస్తారు. అందుకని మా అమ్మ తన కుట్టు మిషన్ అమ్మేస్తోంది. పాత మిషన్ల వ్యాపారి ఈ సాయంత్రం తోపుడు బండితో వస్తాడు. ఈ రెండూ ఆగాలంటే తమ సంతకం ఒక్కటి కావాలి. అది ఎందుకు కావలసి వచ్చిందో ఈ దిగువన వరుసగా మనవి చేస్తున్నాను.

1. దరఖాస్తు కాగితము గురించి.

నేను కాలేజీలో చేరే సమయానికి తమ శాఖలో చదువు అప్పుల కాగితాలు లేవు. ఈ శాఖ అంతవరకు చదువుకు అప్పు ఇచ్చి ఎరగదు. కుట్టు మిషన్లకు ఇచ్చింది, పిండి మరలకు ఇచ్చింది, వెల్డింగ్ పనివాళ్ళకు ఇచ్చింది. కిటికీ పక్కన కూర్చునే గుమాస్తా గారు మంచివారు. పై ఆఫీసు నుంచి కాగితాలు వచ్చేసరికి కాలేజీలో సీట్లు నిండిపోతాయని జాలిపడి, యంత్రాల అప్పు కాగితం బయటికి తీశారు. ఏ కాగితమైతే ఏముంది, ఇచ్చే డబ్బు ఒకటే కదా అన్నారు. మాకూ అది సబబుగానే తోచింది.

"యంత్రము రకము" అన్నచోట విద్యార్థిని అని రాశారు. "తయారీదారు" అన్నచోట ఆగి, మా నాన్న వంక చూసి, నాన్న పేరు రాశారు. అమ్మ ఊరుకోలేదు. "నేనూ పక్కనే ఉన్నాను కదండీ" అంది. అమ్మ పేరు కూడా చేర్చారు. "కొత్తదా, పాతదా" అన్నచోట నన్ను ఎగాదిగా చూసి కొత్తది అని రాశారు. అందుకు వారికి నేటికీ కృతజ్ఞురాలిని. "ఎన్ని గుర్రముల శక్తి" దగ్గర మాత్రం అందరం ఇరుక్కున్నాం. మాతో వచ్చిన మా నాయనమ్మ కల్పించుకుంది.

"గుర్రాల సంగతి నాకు తెలీదు బాబూ. పొద్దున్నే దీన్ని మంచం మీంచి కదిలించాలంటే మాత్రం ఇంటిల్లిపాదీ పట్టాలి."

గుమాస్తా గారు ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీశారు. చిట్టచివర "యంత్రము ఉంచబడు స్థలము" అని ఒక గడి ఉంది. మా ఇంటి ముందు గది అని రాశారు. అదే మా కుట్టు షాపు. అందరం నవ్వుకుంటూ సంతకాలు పెట్టాం. అయ్యా, ఆ గడే మా కొంప ముంచింది.

2. మొదటి తనిఖీ గురించి.

అప్పు ఇచ్చిన ప్రతి యంత్రాన్నీ తమ తనిఖీ అధికారి వచ్చి చూసి వెళ్ళడం ఈ శాఖ ఆనవాయితీ. యంత్రం ఉన్నచోట ఉందా, నడుస్తోందా అని చూసి, దాని మీద తమ బ్యాంకు స్టిక్కర్ అంటిస్తారు. అందుకే వారిని వీధిలో అందరూ స్టిక్కర్ల సారు అంటారు. వారు పని గంటల్లో మాత్రమే వస్తారు. నేను పని గంటల్లో కాలేజీలో ఉంటాను. చదువు కోసం అప్పు తీసుకున్న మనిషి ఆ వేళప్పుడు ఇంకెక్కడ ఉంటుందో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

వారు వచ్చేసరికి అమ్మానాన్నలు గుడ్డలు కొనడానికి బజారుకు వెళ్ళారు. నాయనమ్మ ఒక్కతే షాపులో కూర్చుని గుండీలు కుడుతోంది. తరువాత జరిగినది నాయనమ్మ నాకు నటించి చూపించింది కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"కాలేజీ అప్పు తాలూకు ఆస్తి ఏదమ్మా?"

"కాలేజీకి పోయింది బాబూ."

"ఎవరి అనుమతితో పోయింది?"

"బస్సులో పోయింది."

"తిరిగి ఎప్పుడొస్తుంది?"

"ఆకలైతే వస్తుంది."

సారు తమ పుస్తకంలో ఇలా రాసుకున్నారు: "ఆస్తి స్థలములో లేదు. ఇంటనున్న వృద్ధురాలు పొంతన లేని సమాధానములు ఇచ్చినది." పొంతన లేకపోవడం ఎక్కడుందో నాయనమ్మకు ఇంతవరకు అంతుపట్టలేదు. నాకూ పట్టలేదు. ఆవిడ జీవితంలో అంత సూటిగా జవాబులు చెప్పడం అదే మొదటిసారి.

3. రెండవ తనిఖీ గురించి.

ముందుగా కబురు పెట్టి వచ్చారు కనుక ఈసారి నేను కాలేజీ మానేసి ఇంట్లో ఉన్నాను. ముందు గదిలో, రెండు మిషన్ల మధ్య, ఒక ముక్కాలి పీట మీద కూర్చున్నాను. సారు నన్ను చూసి ఇబ్బంది పడ్డారు. కానీ వారు పనిలో నిక్కచ్చి మనిషి.

"పని చేసి చూపించాలమ్మా. మిషన్ అయితే గుడ్డ ముక్క మీద నాలుగు కుట్లు వేయించి చూస్తాను."

"నేనేం చెయ్యాలి సార్?"

"నువ్వేం చేస్తావో అదే చెయ్యి."

నేను చరిత్ర పుస్తకం తెరిచి, ఓడిపోయిన ఒక రాజు పాఠం పైకి చదివాను. సారు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, పిండి మర చప్పుడు వినేటట్టు విన్నారు. రాజు కోట వదిలి పారిపోయే చోట నా గొంతు బొంగురుపోయింది. నాయనమ్మ వెంటనే, "కాస్త నూనె వెయ్యమంటారా బాబూ?" అంది. నాన్న నోట్లో గుండుసూదులు ఉండడం వల్ల నవ్వలేకపోయాడు. ఆయన పెదవుల మధ్య సూదులన్నీ వణకడం నేను చూశాను. సారు రాసుకున్నది: "నడుచుచున్నది. శబ్దము కొంచెము ఎక్కువ."

ఆ పక్కనే "తరుగుదల" అని ఒక గడి ఉంది. ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా దాన్నే తలుచుకుంటూ తిరిగాను. నెమ్మదిగా పలికితే మాట చివరికి వచ్చేసరికి అదే కొంచెం అరిగిపోయినట్టు ఉంటుంది. యంత్రం వాడుతున్న కొద్దీ దాని విలువ ఏటా కొంత తగ్గించి రాయాలని సారు వివరించారు. నాకూ తగ్గించి రాశారు.

"సార్, నేను మొదటి సంవత్సరం పాసయ్యాను కదా?"

"పాసైనా తరుగుదల తప్పదమ్మా. వాడకం కదా."

ఇక స్టిక్కర్. యంత్రం ముందు భాగాన, అందరికీ కనపడేటట్టు అంటించాలని నియమం. సారు స్టిక్కర్ చేతిలో పట్టుకుని నా చుట్టూ ఒకసారి తిరిగారు. నుదుటి మీద అంటిస్తే తప్పిపోయినా ఎవరో ఒకరు తెచ్చి అప్పజెబుతారని నాయనమ్మ సలహా ఇచ్చింది. చివరకు నా కాలేజీ సంచీ మీద అంటించి, చేతి రుమాలుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయారు. దాని మీద ఉన్న మాటలు: "ఈ యంత్రము బ్యాంకు ఋణముతో కొనబడినది. అమ్మరాదు. తరలించరాదు."

4. సదరు స్టిక్కర్‌తో కాలేజీకి వెళ్ళుట గురించి.

తోటివారు వెక్కిరిస్తారని భయపడి, సంచీని రోజంతా గోడవైపు తిప్పి పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఒకమ్మాయి చూసేసింది. గట్టిగా చదివింది. తరగతి అంతా నా బల్ల చుట్టూ మూగింది. నేను అనుకున్నది జరగలేదు. "మాకూ తెచ్చిపెట్టవే, మా అందరి మీదా ఉంది అప్పు" అన్నారు. ఎవరికి ఎన్ని కావాలో ఒకమ్మాయి అప్పటికప్పుడు లెక్క రాయడం మొదలుపెట్టింది. ఒకడు తన చొక్కా మీద ఎక్కడ అంటిస్తే నప్పుతుందో కొలుచుకుంటున్నాడు.

గోల విని మాకు భాష చెప్పే మాస్టారు వచ్చారు. ఆయన ఇంకా కుర్రవాడే. సంచీ పైకెత్తి స్టిక్కర్ రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాం.

"ఇంకొకటి మిగిలితే నాకూ తీసుకురామ్మా" అన్నారు. "నాది ఇంకా తీరలేదు."

అందరూ నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. మాస్టారు బోర్డు వైపు తిరిగి, తుడిచి ఉన్న బోర్డునే మళ్ళీ తుడిచారు. అయ్యా, నాకు మాటల మీద ఇష్టం కలగడానికి కారణం ఆయనే. ఆ మాటల మీద కూడా ఎక్కడో ఒక బ్యాంకు స్టిక్కర్ ఉందని ఆ రోజు తెలిసింది.

5. వడ్డీ గురించి, ఫీజుల గురించి. (ఇందులో సగం తమ శాఖకు చెందినది కాదని తెలుసు. తమ పైవారికి పంపగలరు.)

గతంలో మా అమ్మ మిషన్‌కు తమరే అప్పు ఇచ్చారు. దాని మీద వేసిన వడ్డీ కన్నా నా మీద వేసిన వడ్డీ ఎక్కువ. ఎందుకని అడిగితే, యంత్రం నమ్మకమైనదని గుమాస్తా గారు అన్నారు. నాయనమ్మ ఒప్పుకుంది. "అదీ నిజమే, మిషన్ ఎదురు చెప్పదు" అంది. మిషన్ ఇంటికి వచ్చిన రోజు నుంచే కుట్టడం మొదలుపెట్టింది. నేను ఇంకా ఏమీ కుట్టలేదు, కత్తిరింపులు నేర్చుకుంటున్నాను. అయినా నా మీద వడ్డీ మాత్రం నేను తరగతి గది ఎక్కడుందో వెతుక్కుంటున్న రోజునే మొదలైంది.

మా నాన్న కొలతలు తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టడు. లావుపాటి మనిషికీ బక్కపలచని మనిషికీ ఒకే చొక్కా కుట్టి, పట్టకపోతే నీ ఖర్మ అని ఎప్పుడూ అనలేదు. ముందు కొంచెం బయానా తీసుకుంటాడు. వేసి చూసుకోమంటాడు. బిగుతుగా ఉంటే ఊరికే విప్పి కుడతాడు. మిగతా డబ్బు బట్ట ఒంటికి పట్టాకే. కాలేజీ ఫీజు ఎవరి ఒంటి కొలతలతో కత్తిరించారో తెలియదు. మా వీధిలో అది ఎవరికీ పట్టలేదు. డబ్బంతా ముందే కట్టాలి, బిగుతైతే ఊపిరి బిగపట్టుకోవాలి.

ఫీజుల పట్టికలో "ఇతర ఖర్చులు" అని ఒక వరుస, దాని కిందనే "మరికొన్ని ఇతర ఖర్చులు" అని ఇంకొక వరుస ఉన్నాయి. ఆటల ఫీజు కూడా కట్టాము. ఆటల గది తాళం ఎవరి దగ్గర ఉందో కనిపెట్టడమే మా కాలేజీలో ప్రస్తుతం ఆడుతున్న ఆట. ఇంతవరకు ఎవరూ గెలవలేదు.

6. మూడవ తనిఖీ, తదుపరి నోటీసు గురించి.

రెండవ తనిఖీ కోసం నేను మానేసిన రోజుకు కాలేజీ వారు జరిమానా వేశారు. కనుక మూడవసారి మానలేదు. సారు వచ్చారు, పీట ఖాళీగా ఉంది. దాని ఫలితంగా మాకు అందిన నోటీసు:

"సదరు ఆస్తి పదే పదే స్థలములో కానరాకపోవుటను బట్టి, దానిని అనుమతి లేకుండా దారి మళ్ళించినట్లు భావించడమైనది. తదుపరి విడత నిలిపివేయడమైనది. ఆస్తిని స్వాధీనపరచుకొనుటకు చర్య గైకొనబడును."

నాయనమ్మ దీన్ని నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. మొదట భయపడింది. తరువాత ఆలోచనలో పడింది. "తీసుకుపోతే పోనీ గానీ, పొద్దున్నే లేపడం వాళ్ళ వల్ల అవుతుందంటావా?" అంది.

అయ్యా, నా పరిస్థితి గమనించగలరు. ఇంట్లో ఉంటే కాలేజీ దృష్టిలో విద్యార్థినిని కాను. కాలేజీలో ఉంటే తమ దృష్టిలో ఆస్తిని కాను. ఈ రెంటి మధ్య బస్సులో ఉన్నంతసేపే నేను ఎవరికీ తప్పు చేయని మనిషిని.

నేను స్టిక్కర్ల సారు గారిని వెతుక్కుంటూ వెళ్ళాను. వారు వీధి చివర పిండి మర దగ్గర, ఒళ్ళంతా పిండితో, మర లోపలికి తొంగి చూస్తున్నారు. నా మాట విన్నారు. కోపగించుకోలేదు.

"నువ్వు మనిషివని నాకు తెలీదా అమ్మా? రాయడానికి గడి లేదు."

చేతుల పిండి దులుపుకుని, స్థలం గడి ఒక్కటి మార్చుకుంటే చిక్కు విడిపోతుందని, దానికి మేనేజరు గారి సంతకం కావాలని చెప్పారు. తమ గది బయట నేను అప్పటినుంచి చాలాసార్లు నిలబడ్డాను. తమరు మీటింగులో ఉన్నారు. తమరు ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు కనుక, తమ ఆస్తి స్థలం గడిలో కూడా బహుశా అదే రాసి ఉంటుంది. (ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. బాగా వచ్చిందని ఉంచాను. క్షమించగలరు.)

7. మా అమ్మ నడుము గురించి.

మా అమ్మకు నడుం నొప్పి వచ్చింది. నోటీసు అందిన మర్నాడు వచ్చింది. అంతకుముందు లేదు. ఇక మిషన్ మీద కూర్చోలేనని, ఊరికే పడి ఉండేకన్నా అమ్మేయడం మేలని అందరితో చెబుతోంది. చెబుతూనే రెండు చేతులా రెండు నీళ్ళ బకెట్లు మోసుకొస్తోంది. వ్యాపారి వచ్చి చక్రం తిప్పి చూసి, పాతబడిందని పెదవి విరిచాడు. ఆ మిషన్‌ను ఎవరైనా ఒక్క మాటంటే అమ్మ ఆ ఇంటి బట్టలు కుట్టడం మానేసేది. ఆ రోజు తల ఊపింది.

దాని మీద కూడా ఒకప్పుడు తమ స్టిక్కర్ ఉండేది. అప్పు తీరిన రోజున సారు స్వయంగా వచ్చి గోటితో గీకి తీశారు. జిగురు మరక మిగిలింది. అమ్మ మిషన్ అంతా రోజూ తుడుస్తుంది గానీ, ఆ మరకను మాత్రం ఎవరినీ తుడవనివ్వదు. ఇంటికి ఎవరొచ్చినా అదే ముందు చూపిస్తుంది.

మిషన్ అమ్మేయవద్దని నేను అమ్మను అడిగాను. ఆ సమయంలో అమ్మ ఎవరిదో లంగా అంచు కుడుతోంది.

"నువ్వు చదువుకో. మిషన్‌దేముంది, మళ్ళీ కొనుక్కుంటాను."

"దేంతో కొంటావమ్మా?"

"నీ మొదటి జీతంతో."

"నా మొదటి జీతం బ్యాంకుది కదా."

తొక్కుతున్న అమ్మ పాదం ఆగింది. అంత నిశ్శబ్దం మా ముందు గదిలో నేను ఎప్పుడూ వినలేదు. నాన్న నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. ఏదో అంటాడనుకున్నాను. డబ్బా మూత పెట్టి, షాపు మెట్ల మీదకు వెళ్ళి కూర్చున్నాడు.

ఈ అంశంలో నేను చమత్కారం ఏదీ చేయలేకపోయాను.

8. ఒప్పందములోని పద్నాలుగవ షరతు గురించి.

అప్పు ఒప్పందాన్ని ఎవరూ చదవరని గుమాస్తా గారు నాకు మొదటిరోజే చెప్పారు. నేను అక్షరాలున్నది ఏది కనపడినా చదువుతాను. బస్సు టికెట్ వెనక ఉన్నవి కూడా చదువుతాను. పద్నాలుగవ షరతు ఇది: "స్వాధీనపరచుకొనబడిన యంత్రమును వేలము జరుగువరకు పనిచేయు స్థితిలో ఉంచుటకగు ఖర్చులన్నియు బ్యాంకు భరించును."

ఈ వాక్యం చదివాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. సంతోషం వల్ల.

కావున ప్రార్థన ఏమనగా:

(అ) "యంత్రము ఉంచబడు స్థలము" గడిలో ముందు గది అన్నది కొట్టివేసి, "పగలు కాలేజీ, రెండవ అంతస్తు, కిటికీ పక్క బల్ల, సాయంత్రము ముందు గది" అని రాయించగలరు. తనిఖీకి సారు ఎప్పుడైనా కాలేజీకి రావచ్చు. మా మాస్టారు కుర్చీ వేస్తానన్నారు. పాఠం మధ్యలో వస్తే, ఓడిపోయిన రాజు తరువాత ఏమయ్యాడో కూడా వినవచ్చు. ఆ రోజు సారు సగంలో లేచి వెళ్ళారు కానీ, వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "ఇంతకీ దొరికాడా?" అని అడిగారు.

(ఆ) రెండవ సంవత్సరపు విడతను నేటి సాయంత్రం తోపుడు బండి వచ్చేలోగా విడుదల చేయించగలరు.

(ఇ) పై రెండూ వీలుపడని పక్షంలో, నోటీసులో మాట ఇచ్చిన ప్రకారం నన్ను స్వాధీనపరచుకోగలరు. నాకేమీ అభ్యంతరం లేదు. విద్యార్థిని అనే యంత్రం పనిచేసే స్థితిలో ఉండాలంటే దాన్ని ప్రతిరోజూ కాలేజీకి పంపాలి. కనుక పద్నాలుగవ షరతును అనుసరించి నా ఫీజు, బస్సు ఖర్చు, పుస్తకాలు, రెండు పూటలా భోజనం, రాత్రి చదువుకోవడానికి ఒక దీపం బ్యాంకు వారు భరించవలసి ఉంటుంది. ఇతర ఖర్చులు, మరికొన్ని ఇతర ఖర్చులు కూడా ఉంటాయి. పొద్దున్నే లేపే పద్ధతి నాయనమ్మ విడిగా చెబుతుంది. అందులో చల్లటి నీళ్ళు ఉన్నాయి.

నా తోటివారి ఒప్పందాల్లో కూడా ఇలాంటి షరతు ఉందేమోనని ఇప్పుడు అందరూ వెతుక్కుంటున్నారు. దొరికితే వారు కూడా స్వాధీనానికి సిద్ధంగా ఉన్నారు. తమ శాఖలో చోటు సరిపోదేమోనని మాత్రం నా అనుమానం.

వేలం నాడు మా నాన్నకు కబురు పెట్టగలరు. ఆయన పాడతాడు. వేరే ఎవరూ పాడరని నాయనమ్మ ధైర్యంగా ఉంది.

తమకు తీరిక తక్కువ. పై వాటిలో నవ్వు వచ్చిన చోట్లు వదిలివేసినా ఫరవాలేదు. ఏడవ అంశమును మాత్రము చిత్తగించవలెను.

తమ విధేయురాలు,

దర్జీ దంపతుల కూతురు

(తమ లెక్కలో: యంత్రము, కొత్తది, నడుచుచున్నది, శబ్దము కొంచెము ఎక్కువ)

తా.క.: ఈ అర్జీ ఇంటి దగ్గర రాసినది కాదు. తమ గది ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని రాశాను. నా పెట్టె కూడా తెచ్చుకున్నాను. అందులో రెండు జతల బట్టలు, మిగతావన్నీ పుస్తకాలు. అమ్మానాన్నలు నేను కాలేజీలో ఉన్నాననుకుంటున్నారు, అనగా ఎప్పటిలాగే నేను ఉండవలసిన చోట లేను. నన్ను అప్పగించడానికి నాయనమ్మ తోడు వచ్చింది. రసీదు ఇస్తే గాని కదలనంటోంది. ఆవిడ తాకట్టులో లేదు కనుక ఆవిడను తిరిగి పంపించాలని గమనించగలరు.

ఇందాక స్టిక్కర్ల సారు ఇటుగా వెళుతూ నన్ను చూసి ఆగారు. పెట్టె వంక చూశారు. పని గంటల్లో ఈ ఆస్తి ముందుగా కబురు పెట్టకుండానే దొరకడం ఇదే మొదటిసారి అన్నారు. ఏమీ అడగకుండానే కొత్త స్థలం రాసిన కాగితం ఒకటి తమ సంతకానికి చోటు వదిలి తయారుచేసి, ఈ అర్జీకి గుచ్చమని ఇచ్చారు. గుచ్చిన గుండుసూది మా నాన్నది. పని అయ్యాక తిరిగి ఇప్పించగలరు.

తమ తలుపు కింద నుంచి తమ చెప్పులు కనపడుతున్నాయి కనుక తమరు లోపలే ఉన్నారని తెలుసు. మీటింగు ఎవరితో జరుగుతోందో గాని, కనపడే చెప్పులు ఒక్క జతే. ఇంతసేపూ నాయనమ్మ గోడకు తల ఆనించి నిద్రపోతోంది. ఆవిడ లేచేలోగా సంతకం అయిపోతే అందరికీ మంచిదని నా మనవి.

త్వరపడగలరు అయ్యా. ఒక కన్ను తెరిచింది.